మూడు దెబ్బల మందు

మా వీధిలో పసిపిల్లలు పగటిపూట ఏడ్చేవారు కాదు. ధర్మవరంలో మేమున్న ఆ సందులో ఇరవై దాకా ఇళ్లుండేవి. ప్రతి ఇంట్లో పట్టుచీరల మగ్గం ఒకటి, కొన్నిళ్లలో రెండు. ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ దూలానికి ఒక ఉయ్యాల. పొద్దున చల్లిన కళ్లాపి ఆరకముందే మగ్గాలు మొదలయ్యేవి. ఆపైన మధ్యాహ్నం దాకా వీధిలో వినబడేదల్లా ఆ దెబ్బలే. ఒక ఇంటి దెబ్బ, దాని వెనకే పక్కింటి దెబ్బ, ఆ పక్కది. ఉయ్యాలలున్నాయి, వాటిలో పిల్లలున్నారు, ఏడుపు మాత్రం లేదు. లోకమంతా ఇలాగే ఉంటుందని నేననుకునేదాన్ని.

ఎనిమిదేళ్లప్పుడు గుమ్మఘట్టలో చుట్టాల పెళ్లికి పోయాం. అక్కడ మావాళ్లకు మగ్గాలు లేవు, బట్టల అంగడి ఉండేది. పెళ్లింట్లో ఒక పాప ఉయ్యాలలో గుక్కపట్టి ఏడుస్తోంది. దానికేదో అయిపోయిందని నేను పందిట్లోకి పరుగెత్తి వాళ్లమ్మను కొంగు పట్టి లాక్కొచ్చాను. ఆమె వచ్చి చూసి పడిపడి నవ్వింది. "ఆకలైతే ఏడ్వదా మే? మీ ఊర్లో బిడ్డలు పాటలు పాడతారా ఏంది?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు తెలుగులో, కొందరు కన్నడంలో ఆ మాట చెప్పుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మా వీధి పిల్లలు బుద్ధిమంతులనీ, వీళ్ల పిల్లలకు పెంపకం లేదనీ తీర్మానించుకుని ఆ పూట వాళ్ల పాయసం ముట్టలేదు.

నాకు గుర్తున్న మొట్టమొదటి సంగతి ఒక వెలుతురు. మిద్దెకు పెట్టిన గవాచిలోంచి ఎండ నిలువుగా దిగుతుంది. అందులో దుమ్ము చాలా నెమ్మదిగా తిరుగుతుంటుంది. కింద ఎక్కడో జరీ మెరుస్తుంది, ఆరిపోతుంది, మళ్లీ మెరుస్తుంది. మగ్గం దెబ్బ చెవికి కాదు, ఉయ్యాల తాడు గుండా వీపుకు తెలుస్తుంది. ఆకలి లేదు, భయం లేదు, ఎవరైనా ఎత్తుకుంటే బాగుండునని కూడా లేదు. అంత పసితనం ఎవరికీ గుర్తుండదని మా ఆయన వాదిస్తాడు. ఉండకపోవచ్చు. తర్వాత మా చెల్లెలిని చూసి నేనే కల్పించుకున్నానేమో. కానీ ఇప్పటికీ మధ్యాహ్నం ఎండలో కన్ను మూతపడితే నేను పోయేది అక్కడికే. హాయిగా ఉంటుంది. ఆ హాయి ఎక్కడిదో తెలుసు కాబట్టి, లేచాక నామీద నాకే చిరాకు వేస్తుంది.

అది నల్లమందు. మా వీధిలో ఆ పేరు కూడా ఎవరూ పూర్తిగా పలికేవారు కాదు. మందు అంటే అదే. జ్వరానికి, దగ్గుకు వేసుకునేవి మాత్రలు, కషాయాలు. మందు మాత్రం ఒక్కటే.

మా ఇంట్లో అది జేజి చేతిలో ఉండేది. జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. సున్నం పెట్టుకునే పాత రేకు డబ్బీలో, ఎండిన బెల్లంలాంటి నల్లటి ముక్క ఒకటి గుడ్డలో చుట్టి దాచేది. పాపకు స్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టించి, పొత్తిగుడ్డల్లో చుట్టాక, గంధం తీసే సానరాయి మీద రెండు చుక్కల తల్లిపాలు వేసి ఆ ముక్కను అరగదీసేది. ఆ తడిని చిటికెన వేలితో తీసి పాప నాలుక మీద రాసేది. పాప మొహం చిట్లించి, చప్పరించి, కాసేపటికి ఉయ్యాలలో కళ్లు వాల్చేది. అమ్మ మగ్గం గుంతలోకి దిగేది. ఇక పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అమ్మకు పాప లేదు, పాపకు అమ్మ లేదు.

ఎంత అరగదీయాలన్నదానికి ఒక కొలత ఉండేది. తూకం కాదు, గింజంత అనీ కాదు. మగ్గం దెబ్బలే కొలత. పోగు తీసుకుని నాడె అటు నుంచి ఇటు పోగానే నేసేవాళ్లు పలకను ముందుకు లాగి పోగును గట్టిగా కొడతారు, అదే దెబ్బ. దెబ్బ పడగానే జేజి ముక్కను రాయి మీద పెట్టేది. ఇంకో దెబ్బ, ఇంకో దెబ్బ. మూడోది వినబడగానే ఎత్తేసేది. మా నాయన మగ్గం ఆడుతుంటే ఆ మూడు దెబ్బలూ ఎంతసేపు? మనిషి రెండు మాటలు మాట్లాడేంత సేపు. మా వీధిలో ఆడవాళ్లందరికీ ఇదే కొలత. వాళ్ల అమ్మలకూ ఇదే. గడియారాలు లేని ఇళ్లలో అంతకంటే నమ్మకమైనది మరొకటి లేదు.

జేజి తనూ తినేది. మోకాళ్ల నొప్పులకని మొదలుపెట్టిందట, మా నాయన పుట్టకముందే. మందు పడకముందు జేజి దగ్గరికి పోవాలంటే భయం. ఆవులిస్తూ, ముక్కు తుడుచుకుంటూ, ఎదురొచ్చినవాళ్లనల్లా తిడుతూ తిరిగేది. పడ్డాక మాత్రం ఆ ముడతల మొహం నున్నగా అయిపోయేది. మధ్యాహ్నం గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, సగం మూసిన కళ్లతో వానల గురించి చెప్పేది. తను చిన్నప్పుడు పడిన వానలు. చిత్రావతి రెండు గట్లూ తాకుతూ పారిన రోజులు. "అదో, కొండ మీద నల్లగా కమ్ముకుంటాండాది చూడు. గాలి మారినాది. మట్టి వాసన తగల్లేదా మే నీకు?" అనేది. నేను గడపలోకి పోయి చూసేదాన్ని. కొండ బోడిగా, ఎర్రగా ఉండేది. ఆకాశంలో మబ్బు తునక ఉండేది కాదు. ఆ ఏడు వేసిన శనగ చేలు మోకాలెత్తు కూడా రాకుండా ఎండిపోయాయి. అయినా తిరిగొచ్చి జేజి పక్కన కూర్చునేసరికి నాకు మట్టి వాసన తగిలేది. వానంటే ఏమిటో నేను ముందు నేర్చుకున్నది ఆకాశం నుంచి కాదు, జేజి మాటల్లోంచి. ఆ గంట కోసం పొద్దుటి నుంచి ఎదురుచూసేదాన్ని. మందు మీద నాకు అప్పట్లో కోపం లేకపోగా చచ్చేంత ఇష్టం ఉండేది.

ఒకప్పుడు ఆ ముక్క అంగట్లోనే దొరికేదట. తర్వాత గవర్నమెంటువాళ్లు వద్దన్నారు. అప్పటి నుంచి సంతలో వేళ్లూ బెరళ్లూ అమ్మే ఒక ముసలాయన సంచి అడుగున పెట్టుకుని తెచ్చేవాడు. వీధిలో మిగతావాళ్లకు కావాలంటే జేజి దగ్గరికే వచ్చేవాళ్లు. "అత్తా, రోంత ఉంటే పెట్టు, సాయంత్రానికి మగ్గం మీంచి చీర తెగాల" అని అడిగేవాళ్లు. జేజి విసుక్కుంటూనే గోటితో గిల్లి ఇచ్చేది. అది వాళ్లకు ఉపకారమనే అనుకునేది.

అప్పుడప్పుడు ఏదో ఒక ఇంట్లో పాప లేచేది కాదు. ఎదురింటి అత్త రెండో బిడ్డ అలాగే పోయాడు. గాలి సోకిందన్నారు. దిష్టి తగిలిందన్నారు. ఒక రోజు ఆ ఇంటి మగ్గం ఆగింది, మర్నాడు మళ్లీ మొదలైంది. ఉయ్యాల తాడు మాత్రం దూలానికి చుట్టి పైకి కట్టేశారు. ఆ ఇంటి సానరాయి వైపు ఎవరూ చూడలేదు. ఆ అత్త కూడా చూడలేదనే అందరం అనుకున్నాం.

నాకు పదేళ్లు వచ్చినప్పుడు మా చెల్లెలికి అయిదు నెలలు. గుండ్రటి తల, ఎప్పుడూ పిడికిళ్లు బిగించి ఉండేది. అది నా సొత్తు అన్నట్టు వీధిలో చూపించుకుని తిరిగేదాన్ని. యాడికిలో జేజి వాళ్ల చెల్లెలి మొగుడు పోయాడని ఒక పొద్దున కబురొచ్చింది. నాయన, జేజి వెంటనే బయల్దేరాలి. అమ్మకు కుదరదు. మగ్గం మీద పెళ్లి చీర ఉంది, మర్నాడు పెళ్లివాళ్లు అంగడికి వస్తారు, ఇంకా కొంగు నేయాలి. అంగడి సేటు అప్పటికే రెండుసార్లు మనిషిని పంపాడు. కొంగంటే బుటాలు, హంసలు, నిలువెల్లా జరీ. జరీ చుట్టిన చిన్న చిన్న కండెలు పదుల లెక్కన పోగుల మధ్య చేత్తో దూర్చుకుంటూ నేయాలి. మధ్యలో లేస్తే లెక్క పోతుంది.

జేజి మూట కట్టుకుని గడపలో నిలబడి నన్ను పిలిచింది. డబ్బీ నా చేతిలో పెట్టింది. "బస్సుకు పొద్దయితాండాది. పాపకు నువ్వే అరగదీసి పెట్టల్ల ఈ దినం. మూడు దెబ్బలు. మూడోది ఇనబడతానే ఎత్తేయాల. తెలిసిందా?"

"తెలుసు జేజీ. నేను రోజూ చూస్తాండా గదా."

"చూసేది వేరే, చేసేది వేరే. చెయ్యి బిగపట్టొద్దు" అని, రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "మూడే" అంది.

నా గర్వం ఇంతా అంతా కాదు. ఆ రోజు బడి ఎగ్గొట్టాను. అమ్మ పాపకు నీళ్లు పోసి, ఉగ్గుగిన్నెలో నాలుగు చుక్కల పాలు పిండి ఇచ్చి, "దా, నువ్వు ఈడనే కూచోని చెయ్యి, నాకు కనపడతా ఉండు" అని గుంతలోకి దిగింది. నేను జేజి కూర్చునే చోటే, జేజి కూర్చున్నట్టే ఒక కాలు మడిచి కూర్చున్నాను. గవాచి ఎండ సానరాయి మీద పడుతోంది. పాలచుక్క మెరిసింది. నాయన లేడు కాబట్టి ఆయన మగ్గం ఆగి ఉంది. ఇంట్లో ఆడుతున్నది అమ్మ మగ్గం ఒక్కటే.

దెబ్బ పడింది. ముక్కను రాయి మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. ఒకటి.

రెండోది రాలేదు. అమ్మ వంగి కండెలు దూరుస్తోంది. ఒక హంస ముక్కు, ఒక హంస మెడ. పెదాలు కదుపుతూ పోగులు లెక్కపెడుతోంది. నేను రుద్దుతూనే ఉన్నాను. పాలు చాయనీళ్ల రంగు తేలాయి. తర్వాత చింతపండు పులుసు రంగు. దెబ్బ పడింది. రెండు. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. ఎండలో దుమ్ము తిరుగుతోంది. చేతికింద రాయి నున్నగా జారుతోంది. ఆ పని నాకు ఎంత హాయిగా ఉందంటే, మూడో దెబ్బ ఇంకా ఆలస్యమైతే బాగుండుననిపించింది. అది పడేసరికి రాయి మీద కాటుకంత నల్లగా, చిక్కగా తయారైంది. జేజి చేసినదానికంటే బాగా వచ్చిందని మురిసిపోయాను. మూడోది వినబడగానే ఎత్తేశాను, చెప్పినట్టే. వేలితో ఊడ్చి మొత్తం పాప నాలుక మీద రాశాను.

కొంగు నేసే రోజు దెబ్బ దెబ్బకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి వింటున్నాను, తెలుసు. ఆ తెలిసినదాన్ని ఈ కొలతకు ముడిపెట్టుకోలేదు, అంతే. కొంగు వచ్చిన రోజుల్లో జేజి చెవిని నమ్మేది కాదట, చేతిని నమ్మేదట. అది నేనెప్పుడూ గమనించలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పొద్దు ఎంతో ప్రశాంతంగా గడిచింది. పాప పడుకుంది. నేను గడప మీద అచ్చంగాయలు ఆడుకున్నాను. వీధిలో దెబ్బలు, మా ఇంట్లో అప్పుడొకటి అప్పుడొకటి. గాలి ఎర్రమట్టిని సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఊడ్చుకుపోయి మళ్లీ తెచ్చి పోస్తోంది. ఒక మేక వచ్చి మా అరుగు మీద పడుకుంది. ఏ తొందరా లేదు. నేను పెద్దదాన్నయిపోయాను, ఇంటిని నడుపుతున్నాను, జేజి వచ్చాక మెచ్చుకుంటుంది, సాయంత్రం నాకు కూడా వాన కథ చెప్పడం వచ్చేస్తుంది అని ఊహించుకుంటూ కూర్చున్నాను.

పాప లేచే వేళ పాప కంటే ముందు అమ్మకే తెలిసింది. పాలు చేపి రవిక తడిసిపోయింది. "పాప లేయలేదా మే?" అంది గుంతలోంచి. "లేదమ్మా, బాగా పండుకుంది" అన్నాను గొప్పగా. అమ్మ ఇంకో దెబ్బ వేసింది. ఇంకొకటి వేయబోయి, పలక మీద చెయ్యి అలాగే ఉంచి ఆగింది. తర్వాత లెక్క సంగతి మరిచి గుంతలోంచి పైకి వచ్చింది.

చెల్లెలి పిడికిళ్లు విప్పుకుని ఉన్నాయి. అంతకుముందు వాటిని అలా ఎప్పుడూ చూడలేదు. అమ్మ ఒళ్లో వేసుకుని రొమ్ము నోటికి అందిస్తే పాలు పెదవి మీంచి కారిపోయాయి. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి ఉంది. ఒకటి తీసుకుంది. నేను ఎదురుచూస్తున్నాను. ఎంతసేపటికో ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఎడం చూస్తుంటే నాకు పొద్దుటి దెబ్బల మధ్య ఎడం గుర్తొచ్చింది. అంతే, నేనేం చేశానో మొత్తం నాకప్పుడు తెలిసిపోయింది.

ఎదురింటి అత్త ఎవరూ పిలవకుండానే వచ్చింది. కొంగు మధ్యలో మా మగ్గం ఆగిందని వీధికంతా వినబడింది మరి. ఆమె పాపను ఒక్క చూపు చూసి గడప దగ్గరే గోడ పట్టుకుంది.

"నా బిడ్డ గూడా ఇట్లనే ఉండె వదినా" అంది. "నేను నిద్ర అనుకుంటి. లెయ్. లేసి నడువు. ఆస్పత్రికి."

జట్కాలో ముగ్గురం పోయాం. అమ్మ కాళ్లకు చెప్పులు లేవు, వేళ్లకు ఇంకా జరీ తునకలు అంటుకుని ఉన్నాయి. ఆస్పత్రిలో నర్సు పాప కనురెప్ప ఎత్తి చూసి, "ఏం పెట్టినారు?" అని అడిగింది. అమ్మ తల వంచుకుంది. ఆ మాట బయట చెప్పడం మా వీధిలో ఎవరూ చేయని పని. ఎదురింటి అత్తే చెప్పింది, గట్టిగా, వరండాలో అందరికీ వినబడేట్టు: "నల్లమందు. మేమందరమూ పెడతాం. నేను గూడా పెట్టినా."

డాక్టరు వచ్చి సూది వేశాడు. ముక్కు దగ్గర గొట్టం పెట్టారు. ఆ తర్వాత నర్సు అమ్మతో, "నిద్రపోనియ్యొద్దు. నిద్రపోతే ఊపిరి మర్చిపోతాది. అరికాళ్ల మీద కొట్టండి, గిల్లండి, ఏమన్నా చెయ్యండి. ఏడిపించండి" అంది.

అమ్మ ఆమె మొహంలోకి వెర్రిగా చూసింది. అమ్మ బతుకంతా బిడ్డ ఏడవకుండా చూసుకోవడానికే సరిపోయింది. నేను ఏడవకూడదు, చెల్లెలు ఏడవకూడదు. అలాంటిది ఇప్పుడు వంగి, ఆ లేత అరికాలిని వేలితో ఛళ్లున కొట్టింది. మళ్లీ కొట్టింది. "ఏడు నా తల్లీ. ఏడు. నీ కాళ్లు మొక్కుతా, ఒక్క తూరి ఏడు" అని తనే ఏడుస్తూ కొట్టింది. కుడికాలు అమ్మది, ఎడమకాలు నాది. నాకు అప్పగించిన పని అదొక్కటే. కొడుతున్నప్పుడల్లా లోపల లెక్కపెట్టాను. మూడు దగ్గర ఊపిరి ఆగిపోతుందేమో అని భయం వేసి, మూడు అనకుండా ఒకటి రెండు, ఒకటి రెండు అనుకుంటూ కొట్టాను.

ఎండ కిటికీ దిగి నేల మీదికి వచ్చింది, నేల మీంచి గోడెక్కింది. బయట వేపచెట్టు నీడ సాగింది. నా వేలు మొద్దుబారింది. అక్కడంతా నిజంగా జరుగుతున్నట్టు లేదు. వాన కథ వింటూ గడపలోకి పోయి చూసినప్పటిలా ఉంది. చూస్తున్నది ఒకటి, కావాలనుకుంటున్నది ఒకటి. మబ్బు లేదు లేదు అనుకుంటూనే చూస్తూ ఉన్నాను.

పొద్దు వాలే వేళకు చెల్లెలు కాలు వెనక్కి లాక్కుంది. నా చేతిలోంచే లాక్కుంది. మొహం చిట్లించింది. నోరు తెరిచింది, శబ్దం రాలేదు. మళ్లీ తెరిచింది. ఈసారి పిల్లికూనలాంటి చిన్న ఏడుపు వచ్చింది. తర్వాత పెద్దది. ఆ తర్వాత ఇక ఆగలేదు. వరండాలో కూర్చున్న ఎదురింటి అత్త ఆ ఏడుపు విని నెత్తి బాదుకుని ఏడ్చింది. తన బిడ్డ కోసం రెండేళ్ల కిందట ఏడవని ఏడుపు అది. అమ్మ పాపను పక్కనపెట్టి పోయి ఆమెను పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం జేజి, నాయన బస్సు దిగి వచ్చారు. అప్పటికి మేం ఇల్లు చేరాం. వీధిలోనే ఎవరో చెప్పేసినట్టున్నారు. నాయన వస్తూనే కేకలు, "ఎవురు పెట్టినారు? ఎంత పెట్టినారు?" అని. జేజి మూట దించింది. పాపను చూసింది. పోయి మగ్గం ముందు నిలబడి, దాని మీద ఆగిపోయిన కొంగును చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను చెప్పడానికి నోరు తెరిచాను.

"నేనే" అంది జేజి. "పోయేముందర నేను ఒగ తూరి పెట్టినా. ఆ సంగతి మర్సిపోయి మల్లా పెట్టమని దీనికి చెప్పి పోతి. తప్పు నాది. తిడితే నన్ను తిట్టు."

నాయన తిట్టాడు. కన్నతల్లిని అనకూడని మాటలన్నీ అన్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఏమో, నిజంగానే పెట్టిందేమో, నా కాటుక ముద్ద వల్ల కాదేమో అని ఆశ పుట్టింది. ఆ ఆశను పట్టుకునే పదేళ్లు గడిపాను. కానీ ఆ పొద్దున జేజి పాపను ముట్టుకోలేదని నాకు తెలుసు. ఆమె నా చేతిలో పెట్టిన డబ్బీలో గుడ్డ ముడి వేసినట్టే ఉంది, దాన్ని విప్పింది నేనే.

జేజి ఆ డబ్బీని వీధి చివర అద్దకం వాళ్ల రంగునీళ్ల కాలువలో పారేసి వచ్చింది. తన వాటా కూడా అందులోనే ఉందని మేం ఆలోచించలేదు. మర్నాటి నుంచి కాళ్లు కొట్టుకుంటూ, కళ్లూ ముక్కూ కారుతూ, తిన్నది కక్కుతూ చాప మీద దొర్లింది. సంత ముసలాయన దగ్గరికి పోయి తెస్తానని నాయనే దిగివచ్చాడు. "తెస్తే నా శవం మీద పెట్టు" అంది. పదిహేను రోజులకు లేచి కూర్చుంది. మనిషి సగమైంది. మెల్లగా కోలుకుంది కానీ వానలు మాత్రం ఆగిపోయాయి. ఎన్నిసార్లు అడిగినా, "ఏం వానలే? నాకేం గుర్తు లేవు పో" అనేది. ఆ మధ్యాహ్నాలు నావల్లే పోయాయని కుమిలిపోయాను. ఎవరికి చెప్పుకోను?

వీధి ఆడవాళ్లు మొదట్లో మామీద మండిపడ్డారు. మందు అడగడానికి వస్తే జేజి తలుపేసేది. "నీ మనవరాలికి అయితే మా బిడ్డలకెందుకు మాన్పిస్తావు? పాప ఒళ్లో ఉంటే మగ్గం నువ్వొచ్చి ఆడతావా?" అని అరుగు మీద నిలబడి తగువు పెట్టుకున్నారు. వాళ్ల మాటలోనూ నిజముంది. కొందరు ముసలాయన దగ్గర తామే కొనుక్కున్నారు. కానీ ఎదురింటి అత్త ఊరుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి తన బిడ్డ సంగతి చెప్పింది. ఒకామె విని తలుపేసుకుంది, ఒకామె విని తనింట్లో పోయిన బిడ్డను తల్చుకుంది. ఏడాది రెండేళ్లలో వీధి మారింది. ఒక దూలం కింద ఏడుపు లేచేది, ఒక మగ్గం ఆగేది. ఇంకో ఏడుపు, ఇంకో మగ్గం. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని నేసేవాళ్లు. వీధంతా సంతలా గోలగోల. నాకు మాత్రం ఆ గోల ఎంత ఎక్కువైతే అంత ధైర్యంగా ఉండేది.

ఆ చీరను అంగడి సేటు తీసుకోలేదు. మగ్గం నడిమధ్యలో ఆగిన చోట కొంగుకు అడ్డంగా సన్నటి గీత పడింది. నేసేవాళ్ల కంటికి తప్ప మరొకరికి కనపడదు, కానీ ఆయనా మగ్గాల్లో పుట్టినవాడే. అమ్మ దాన్ని పెట్టె అడుగున పెట్టేసింది.

చెల్లెలు నడక, మాట కొంచెం ఆలస్యంగా నేర్చింది. తర్వాత ఆ ఆలస్యానికంతా వడ్డీతో కలిపి మాట్లాడింది, ఇప్పటికీ ఆపలేదు. అది మధ్యాహ్నం పడుకుంటే నేను పక్కనే కూర్చుని ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలేది. కాసేపాగి మళ్లీ పెట్టేదాన్ని. అది చిరాగ్గా వేలు కొరికేది. "ఏందక్కా ఇది? నన్ను చచ్చిపోయినట్ల చూస్తావు?" అని అరిచేది. ఈ పిల్లకు అన్నీ ఎక్కువే అని అమ్మ తిట్టేది. అమ్మకు ఏం తెలుసో, ఏం తెలియదో నాకు ఈ రోజుకూ తెలియదు.

ఎనభైల్లో నాకు పెళ్లయి అనంతపురం పోయాను. పెళ్లికి అమ్మ పెట్టె అడుగు నుంచి ఆ చీర తీసిచ్చింది. మరుసటి ఏడు కాన్పుకు పుట్టింటికి వచ్చాను. కొడుకు పుట్టాడు. ఉయ్యాలలో వేసే రోజు పొద్దున ఆ చీరే కట్టుకున్నాను. జేజికి అప్పటికి చూపు దాదాపు పోయింది. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తోంది, బిడ్డ నాలుకకు రాయడానికి. అదే రాయి. నాయన మగ్గం ఆడుతోంది. జేజి దెబ్బలు లెక్కపెట్టడం లేదు, ఊరికే రుద్దుతోంది.

నేను పక్కన కూర్చుంటే నా కొంగు ఆమె చేతికి తగిలింది. వసకొమ్ము పక్కన పెట్టి, ఆ జరీని వేళ్లతో తడుముకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆగింది.

"ఆ దినం చీర గదా ఇది" అంది.

ఇక నావల్ల కాలేదు. "జేజీ, ఆ పొద్దు నువ్వు పెట్టలేదు. నేనే పెట్టినా. నేను ఒక్కదాన్నే. మూడు దెబ్బలే లెక్కపెట్టినా, కానీ..."

"కొంగు దెబ్బలు" అంది జేజి. "నాకు తెలుసు లే."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె గీత మీది వేలు తీయలేదు.

"వస్తానే మగ్గం చూస్తి. కొంగుండె. అప్పుడే తెలిసిపాయ. మూడు దెబ్బలని చెప్పిందాన్ని నేనే గదే. కొంగు దినం ఆ లెక్క పనికిరాదని చెప్పకపోతి. బస్సుకు పొద్దయితాందని పరిగెత్తితి."

"మరి నాకెందుకు చెప్పలేదు జేజీ ఇన్నేండ్లు?"

"పదేండ్ల పిల్లవి. అంత బరువు మొయ్యలేవులే, నేను మోస్తా అనుకుంటి."

"మోసినా జేజీ" అన్నాను. "నేను గూడా మోసినా."

జేజి గీత మీంచి వేలు తీసింది. తర్వాత నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "చెప్పింటే రోంత తేలికయ్యుండేదేమో ఇద్దరికీ" అంది.

ఉయ్యాలలో నా కొడుకు లేచాడు. మొదట కుయ్యిమన్నాడు, తర్వాత గుక్కపెట్టి ఏడుపు ఎత్తుకున్నాడు. నేను లేవబోతే జేజి చెయ్యి వదల్లేదు. "రోంతసేపు ఏడ్వనీ మే. ఇననీ" అంది. కళ్లు సగం మూసుకుంది. ఆ ముడతల మొహం నున్నగా అయింది. మందు మానాక ఆ మొహాన్ని మళ్లీ అలా చూడటం అదే మొదటిసారి. నేను కదలకుండా కూర్చున్నాను. ఇద్దరం వింటూ ఉన్నాం.

అంతలో వాకిట్లోంచి మా చెల్లెలు వచ్చింది. పదకొండేళ్లది, జడలు సగం వేసుకుని, నోట్లో రిబ్బను పట్టుకుని. "బిడ్డ గొంతు పోయేట్ల అరుస్తాంటే ఇద్దరూ చెవుడొచ్చినోళ్ల మాదిరి కూచుండారే! మనుషులేనా మీరు?" అని మమ్మల్ని తిట్టి, వాడిని ఉయ్యాలలోంచి ఎత్తి భుజాన వేసుకుంది.